ఇరవై ఆరు మీటలు, వేల చైనా అక్షరాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను శ్రీసిటీలోని ఒక ఎలక్ట్రానిక్ పరికరాల కర్మాగారంలో నాణ్యత తనిఖీ విభాగంలో పని చేస్తున్నాను. చైనా నుంచి వచ్చిన ఇంజనీరు ఒకరు నా పక్క బల్ల దగ్గరే కూర్చుంటారు. ఆమె కీబోర్డు మీద ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలే, కానీ ఆమె కొడుతుంటే తెర మీద చైనా అక్షరాలు వస్తున్నాయి. మధ్యమధ్యలో అంకెల మీట కూడా నొక్కుతున్నారు. వేల అక్షరాలున్న భాషను ఇన్ని తక్కువ మీటలతో ఎలా రాయగలుగుతున్నారు?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీరు చూసినది పిన్‌యిన్ పద్ధతి. చైనా అక్షరాన్ని ఎలా పలుకుతారో ఆ పలుకును ఇంగ్లీషు అక్షరాలలో కొడితే, ఆ పలుకు గల అక్షరాలన్నింటినీ కంప్యూటరు ఒక చిన్న పట్టీలో వరుసగా, అంకెలు వేసి చూపిస్తుంది. మూడో అక్షరం కావాలంటే మూడు అంకె నొక్కాలి. ఆమె మధ్యమధ్యలో నొక్కుతున్న అంకె అదే.

ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే అలవాటు మీకు ఉంటే ఇందులో సగం మీకు తెలిసిన సంగతే. కె, ఏ, ఎల్, ఏ అని కొట్టగానే కల, కళ, కాల అని పైన కనిపిస్తాయి. మనకు కావలసిన మాటను వేలితో తాకుతాం. అయితే మనకు ఈ చిక్కు ఇంగ్లీషు లిపి వల్ల వచ్చింది. తెలుగు కీబోర్డు పెట్టుకుంటే ‘ల’కు ఒక మీట, ‘ళ’కు ఒక మీట ఉంటాయి కాబట్టి ఎంచుకోవలసిన పనే ఉండదు. చైనా భాషలో ఆ చిక్కు పలుకులోనే ఉంది. గొంతు ఎత్తుదించుల వల్ల వచ్చే స్వరభేదాలను పక్కన పెడితే ప్రామాణిక చైనా భాషలో ఉన్న పలుకులు సుమారు 400 మాత్రమే. చైనా ప్రభుత్వం 2013లో ప్రకటించిన సాధారణ అక్షరాల పట్టికలో ఉన్నవేమో 8,105 అక్షరాలు. అంటే సగటున ఒక్కో పలుకును ఇరవై అక్షరాలు పంచుకోవాలి. ‘షి’ వంటి పలుకును ఇంకా ఎన్నో ఎక్కువ అక్షరాలు పంచుకుంటాయి: పది, రాయి, పద్యం, సింహం, నగరం, సంగతి, చివరకు ‘అవును’ అనే అర్థంలో వాడే మాట కూడా, స్వరం తేడాతోనో తేడా లేకుండానో, ‘షి’యే.

ఒక్కొక్క అక్షరంగా కొడితే ప్రతిసారీ ఆ పట్టీలో వెతుక్కోవలసి వస్తుంది. అందుకే అలవాటైనవారు పూర్తి మాటను, ఒక్కోసారి పూర్తి వాక్యాన్ని ఒకేసారి కొడతారు. ‘లావ్‌షి’ అని కొట్టగానే ‘షి’కి ఉన్న అన్ని అర్థాలూ పక్కకు తప్పుకొని ప్రధానంగా రెండు మాటలు మిగులుతాయి: ఉపాధ్యాయుడు, నిజాయితీపరుడు. వాక్యంలోని మిగతా మాటలను బట్టి ఈ రెండింటిలో ఏది కావాలో కంప్యూటరు చాలాసార్లు తానే సరిగ్గా ఊహిస్తుంది. ‘నీ హావ్’ అనే పలకరింపును పూర్తిగా కొట్టకుండా ఎన్, హెచ్ అని రెండు మొదటి అక్షరాలు కొట్టినా సరిపోతుంది.

వీలు చూసుకొని ఆమె వేళ్లను ఒకసారి గమనించండి, రెండు వింతలు కనిపిస్తాయి. పిన్‌యిన్‌లో ‘వి’ అక్షరానికి పని లేదు. పెదవులు గుండ్రంగా చేసి ‘ఇ’ పలికితే వచ్చే అచ్చు ఒకటి ఆ భాషలో ఉంది, దానికి కీబోర్డు మీద మీట లేదు. అందుచేత ఖాళీగా ఉన్న ‘వి’ మీటను దానికి ఇచ్చారు. ‘స్త్రీ’ అనే మాట రాయాలంటే ఎన్, వి నొక్కుతారు. ఇక ఎక్స్, ఐ, ఏ, ఎన్ అని కొడితే అది ‘ముందు’ అనే అర్థం గల ఒకే అక్షరం కావచ్చు, రెండు అక్షరాల ‘షీఆన్’ నగరం కావచ్చు. నగరమే కావాలనుకుంటే ‘ఐ’ తర్వాత పైకొమ్మ గుర్తు (') పెట్టి విడదీస్తారు.

పిన్‌యిన్‌ను కంప్యూటరు కోసం తయారు చేయలేదు. పిల్లలకు సరైన ఉచ్చారణ నేర్పడానికి, అక్షరాస్యత పెంచడానికి జౌ యోగువాంగ్ తదితరులు దీన్ని రూపొందించగా 1958లో చైనా జాతీయ ప్రజా కాంగ్రెస్ ఆమోదించింది. బడిలో ప్రతి పిల్లవాడూ నేర్చుకొని ఉండడం వల్ల కంప్యూటర్లు వచ్చేసరికి ఆ ఇంగ్లీషు అక్షరాల వరస జనం చేతిలో సిద్ధంగా ఉంది. జౌ గారు 111 ఏళ్లు బతికి 2017లో కన్నుమూశారు; తాను పాఠశాల కోసం చేసిన పని కోట్ల మంది ఫోన్లలోకి చేరడం ఆయన కళ్లారా చూశారు. తైవాన్ వారి పద్ధతి వేరు. అక్కడ 1918లో ప్రకటించిన జూయిన్ అనే 37 గుర్తులను వాడతారు, ఆ గుర్తులు కీబోర్డు మీదే ముద్రించి ఉంటాయి, స్వరాన్ని కూడా మీటతో చెబుతారు.

ఆ పట్టీ ఆలోచన కంప్యూటర్ల కంటే పాతది. రచయిత లిన్ యుటాంగ్ 1947లో 72 మీటల చైనా టైపు మిషను ఒకటి తయారు చేశారు. అక్షరం పై భాగానికి ఒక మీట, కింది భాగానికి ఒక మీట నొక్కితే చిన్న కిటికీలో ఎనిమిది అక్షరాల వరకు కనిపించేవి; కావలసినదానికి అంకె నొక్కితే అది కాగితం మీద పడేది. అది తయారీ దాకా వెళ్లక నమూనాగానే మిగిలిపోయింది. ఏమైందో తెలియకుండా పోయిన ఆ యంత్రం 2025లో న్యూయార్క్‌లో ఒక ఇంటి నేలమాళిగలో బయటపడి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చేరింది. మీ పక్క బల్ల మీద జరుగుతున్నది ఆయన ఆలోచనే అని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రశ్న: నాది చిత్తూరులో డీటీపీ దుకాణం. మామిడి గుజ్జు డబ్బాల మీద అతికించే లేబులు కోసం ఒక వ్యాపారి నాలుగు వరుసల చైనా అక్షరాలు కాగితం మీద ఇచ్చి, అవే టైపు చేసి ఇమ్మన్నారు. వాటిని ఎలా పలకాలో నాకు తెలియదు. పలుకు తెలియకుండా టైపు చేసే మార్గం ఏదైనా ఉందా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఉంది, సరిగ్గా ఇలాంటి అవసరం కోసమే అది పుట్టింది. చేతిరాత ప్రతిని చూసి కొట్టే టైపిస్టుకు అందులోని ప్రతి అక్షరం పలుకు తెలియకపోవచ్చు, కానీ దాని ఆకారం కళ్ల ముందే ఉంటుంది. ఆ ఆకారాన్ని ముక్కలు చేసి, ముక్కకు ఒక మీట చొప్పున కొట్టడమే రూప పద్ధతి. తెలుగు టైపు మిషను మీద చెయ్యి తిరిగినవారికి ఇది కొత్త కాదు. అక్షరం ఒంటిని, వత్తును, గుడిని విడివిడిగా కొట్టి అక్షరం కట్టేవారు కదా. తేడా ఒక్కటే: మిషను మీద ఆ ముక్కలే కాగితం మీద పడేవి, చైనా పద్ధతిలో ముక్కలు గుర్తుల వరస మాత్రమే, ఆ వరసను బట్టి కంప్యూటరు మొత్తం అక్షరాన్ని వెతికి తెచ్చి పెడుతుంది.

చైనా అక్షరాలను మూలరూపాలను, అంటే ఎన్నో అక్షరాలలో మళ్లీ మళ్లీ కనిపించే ముక్కలను బట్టి విడగొట్టే సంప్రదాయం నిఘంటువులది. 1716లో వెలువడిన కాంగ్‌షీ నిఘంటువు తన 47 వేలకు పైగా అక్షరాలను 214 మూలరూపాల కింద సర్దింది. తైవాన్‌లో చూ బోంగ్‌ఫూ 1976లో రూపొందించిన ఛాంగ్‌జ్యే పద్ధతి మూలరూపాలను ఇంకా కుదించి 24 మీటల మీదకు తెచ్చింది. అందులో ‘ఏ’ మీట సూర్యుడు, ‘బి’ చంద్రుడు. ఆ తర్వాత సి, డి, ఈ, ఎఫ్, జి మీటలు వరుసగా లోహం, చెట్టు, నీరు, నిప్పు, నేల. మన పంచభూతాలలోని మూడు అందులో ఉన్నాయి, గాలికి, ఆకాశానికి బదులు వారు లోహాన్ని, చెట్టును లెక్కిస్తారు. సూర్యుడిని, చంద్రుడిని వరుసగా నొక్కితే ‘వెలుగు’ అనే అక్షరం వస్తుంది. చెట్టును రెండుసార్లు నొక్కితే తోపు. మనిషికి ‘ఓ’ మీట. ‘ఓ’, ‘డి’ నొక్కితే చెట్టు పక్కన మనిషి, అంటే ‘విశ్రాంతి’. మన ఊళ్లలో మధ్యాహ్నం చింతచెట్టు నీడన నడుం వాల్చిన మనిషిని చూసినవారెవరికైనా ఆ అక్షరం ఇక మరపురాదు.

ప్రధాన భూభాగ చైనాలో ఎక్కువ ప్రచారం పొందిన రూప పద్ధతి వూబీ. దీన్ని వాంగ్ యోంగ్‌మిన్ 1983లో వెలువరించారు. అడ్డగీత, నిలువుగీత, ఎడమకు జారే గీత, చుక్క, వంపు అని గీతలను ఐదు రకాలుగా పంచి, 25 మీటల మీద అమర్చి, ఏ అక్షరమైనా నాలుగు నొక్కులకు మించకుండా వచ్చేలా చేశారు. చాలా అక్షరాలకు పట్టీలో వెతికే పని ఉండదు కాబట్టి అలవాటైన టైపిస్టు తెర వైపు చూడకుండానే కొట్టుకుంటూ పోగలడు. ఒకప్పుడు చైనా ముద్రణ దుకాణాలలో ఇది తెలియనివారికి పని దొరకడం కష్టంగా ఉండేది. వాక్యాన్ని ఊహించగల పిన్‌యిన్ మెరుగుపడ్డాక సామాన్య జనం అటు మళ్లారు.

నాలుగు వరుసల కోసం మీరు వూబీ నేర్చుకోవద్దు. అది నెలల సాధన. ముందుగా ఆ వ్యాపారిని, ఆయనకు ఆ మాటలు పంపినవారి దగ్గర నుంచి వాటిని ఫైలుగా తెప్పించమని అడగండి. అది కుదరకపోతే కాగితాన్ని ఫొటో తీసి అక్షరాలను గుర్తించే యాప్‌తో చదివించండి. యాప్ తడబడిన అక్షరాన్ని ఫోనులోని చైనా చేతిరాత కీబోర్డు మీద వేలితో గీయండి. మన పాత తెలుగు ఫాంట్లు తెలుగు ముక్కలను ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో దాచుకుంటాయి, చైనా అక్షరాలకు ఆ వీలు లేదు కాబట్టి పేజీని యూనికోడ్ ఫాంటుతోనే చేయాలి.

ప్రూఫు దగ్గర మాత్రం కళ్లు పెద్దవి చేసుకొని చూడండి. ‘మట్టి’కి, ‘పండితుడి’కి వారు రాసేవి అవే మూడు గీతలు: నిలువుగీత ఒకటి, అడ్డగీతలు రెండు. కింది అడ్డగీత పొడవైతే మట్టి, పైది పొడవైతే పండితుడు. సరుకు ఎక్కడికి వెళ్తుందో కూడా అడగండి. చైనా, సింగపూర్‌లలో సరళీకరించిన అక్షరాలు, తైవాన్, హాంకాంగ్‌లలో పాత అక్షరాలు నడుస్తాయి. పాత ‘గుర్రం’ అక్షరానికి అడుగున నాలుగు చుక్కలు ఉంటాయి, కొత్తదానిలో వాటి స్థానంలో ఒక గీత ఉంటుంది. చైనా భాష చదవగలిగినవారు ఒకరు చూసి సరే అన్న తర్వాతే అచ్చుకు పంపండి.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడిని. మా మనవరాలు చైనా భాష నేర్చుకుంటూ అంతా ఫోనులోనే రాస్తోంది. చేతితో రాయించాలా?
– ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: తప్పకుండా రాయించండి, మాస్టారూ. పిన్‌యిన్ మనిషిని అడిగేది పలుకు గుర్తుందా, పట్టీలో అక్షరాన్ని పోల్చుకోగలవా అని మాత్రమే. గీతలన్నీ గుర్తున్నాయా అని అడగదు. అందువల్ల చదువుకున్న చైనా వారికే ‘కలం ఎత్తగానే అక్షరం మరచిపోవడం’ అనే మాట వాడుకలో స్థిరపడింది. ‘తుమ్ము’కు రాసే అక్షరాల దగ్గర పట్టభద్రులు కూడా ఆగిపోతారు, అదే మాట ఫోనులో కొడితే రెప్పపాటులో వస్తుంది. టైపింగు మానిపించవలసిన పని లేదు. అమ్మాయి ఫోనులో ఒక వాక్యం రాసిన తర్వాత, అందులో చూడకుండా రాయలేని అక్షరాన్ని తననే ఎంచుకోమనండి. గళ్ల పుస్తకంలో ఒక గడికి ఒక అక్షరం చొప్పున, నిలువుగీత కంటే అడ్డగీత ముందు, కుడి కంటే ఎడమ ముందు, లోపలి గీతల కంటే చుట్టు గీత ముందు అనే వరస తప్పకుండా, ఒక పేజీ నిండే వరకు రాయించండి.