పెరటి ప్రశ్నలు: మెట్టతామరకు ఆకులే, పూలేవీ?

ఈసారి బెంగళూరు పాఠకుల ప్రశ్నల్లో సగానికి పైగా మెట్టతామర మీదే. నర్సరీలో ఆ పేరు చెబితే అర్థం కాకపోవచ్చు, 'క్యానా' అని అడగండి.

ప్రశ్న: అపార్ట్‌మెంట్ కాంపౌండ్ గోడ వెంట మూడేళ్ల క్రితం వేశాం. ఏడడుగులు ఎదిగాయి. ఆకులు అరిటాకుల్లా నిగనిగలాడుతున్నాయి, పూలు మాత్రం ఒకటీ అరా. గాలివానకు కాడలు పడిపోతున్నాయి కూడా. ఎస్‌టీపీ నీళ్లు (అపార్ట్‌మెంట్ మురుగును శుద్ధి చేయగా వచ్చేవి) పోస్తాం, నెలనెలా యూరియా వేస్తాం. ఏం తక్కువైందండీ? (హొరమావు)

జవాబు: తక్కువ కాలేదండీ, ఎక్కువైంది. యూరియా ఇచ్చేది ఒక్క నత్రజనే. శుద్ధి చేసినా ఎస్‌టీపీ నీళ్లలో నత్రజని, భాస్వరం ఎంతో కొంత మిగిలే ఉంటాయి. రెండూ కలిసి ఆకునీ కాడనీ మెత్తగా, ఏపుగా పెంచేస్తున్నాయి. జూన్, జూలైల్లో పడమటి గాలి తగలగానే ఆ మెత్తని కాడ వంగిపోతుంది. యూరియా పూర్తిగా మానేయండి. ఆరు వారాలకోసారి దుబ్బుకు 20 గ్రాముల సల్ఫేట్ ఆఫ్ పొటాష్ చల్లి, మట్టి కదిపి నీళ్లు పెట్టండి. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ చవకే కానీ అందులో క్లోరైడ్ ఉంటుంది. ఎస్‌టీపీ నీళ్లలో ఉప్పు ఎలాగూ ఉంటుంది, ఇంకా కలపడం ఎందుకు?

తర్వాత ఎండ సంగతి. ఉదయం 9కి, మధ్యాహ్నం 12కి, 3కి వెళ్లి చూడండి. మూడింట రెండుసార్లయినా ఆకుల మీద నేరుగా ఎండ పడాలి. పడకపోతే ఎరువు మార్చినా పెద్దగా లాభం లేదు, చోటే మార్చాలి.

ఇక కోత. చాలామంది రెక్కలు రాలగానే కాడను మొదలంటా నరికేస్తారు. తొందరపడకండి. వాడిన గుత్తికి కాస్త కింద, ఆకు కాడను చుట్టుకున్న చోట వేలితో తడిమి చూడండి. అక్కడ ఉబ్బు తగిలితే లోపల రెండో గుత్తి ఉన్నట్టే. ఆ ఉబ్బుకు పైన కత్తిరించండి. అదీ పూసి అయిపోయాక ఆ కాడ పని తీరినట్టే, ఇక పూయదు. నేల దగ్గరికి కోసేస్తే పిలకలకు వెలుతురు అందుతుంది. కోయని ముసలి కాడలు గుంపుగా నిలబడిపోవడం కూడా మీ పూత తగ్గడానికి ఒక కారణం కావచ్చు.

ప్రశ్న: చలికాలానికి ముందే దుంపలు తవ్వి ఇసుకలో దాచాలని వీడియోల్లో చెబుతున్నారు. మనమూ తవ్వాలా? (వైట్‌ఫీల్డ్)

జవాబు: వద్దు. అది నేల గడ్డకట్టే దేశాల మాట. ఇక్కడ డిసెంబరు, జనవరి రాత్రులు 15 డిగ్రీల దగ్గర తిరుగుతాయి, ఒక్కోసారి ఇంకాస్త దిగుతాయి. దాంతో దుంపకు ఏమీ కాదు. ఎదుగుదల మందగిస్తుంది, పాత ఆకుల అంచులు ఎండుతాయి, అంతే. ఆ రెండు నెలలూ ఎరువు ఆపి, నీళ్లు సగానికి తగ్గించండి.

తవ్వాల్సింది చలి కోసం కాదు, ఇరుకు కోసం. రెండు మూడేళ్లకు దుంపలు ఒకదానిమీదొకటి ఎక్కి, నడిమధ్య దుబ్బు బోడిగా మిగులుతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయాక ఈ పని పెట్టుకోండి. కాడల్ని జానెడు ఉంచి కోయండి. దుబ్బుకు అడుగు దూరంలో చుట్టూ గడ్డపార దింపి పెకలించండి. నడిమి ముసలి దుంపలు కంపోస్టుకు. బయటి అంచు నుంచి, రెండు మూడు కళ్ళున్న ముక్కలే తీసుకోండి. కన్ను అంటే దుంప మీద మొనదేలిన మొగ్గ. అది విరిగితే ఆ ముక్క వృథా. కోసిన చోటు ఆరేదాకా ఒక రోజు నీడలో ఉంచండి.

గుంత అడుగు లోతు, అడుగున్నర వెడల్పు. రెండు పాళ్లు మట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు, 100 గ్రాముల వేపపిండి కలిపి నింపండి. దుంపను అడ్డంగా, కన్ను పైకి వచ్చేలా మూడు నాలుగు అంగుళాల లోతులో పెట్టండి. పొడవు రకాలకు రెండడుగుల ఎడం ఉండాలి. నాటిన రోజు బాగా తడిపి, ఆ తర్వాత మొలక కనబడేదాకా మట్టి చెమ్మగా ఉంటే చాలు. వేరు పట్టని దుంపను రోజూ తడిపితే కుళ్లిపోతుంది, ఎక్కువ దుంపలు పోయేది ఈ దశలోనే. అన్నీ కుదిరితే రెండున్నర, మూడు నెలలకు, అంటే మే చివరి జల్లులకు మొదటి గుత్తి కనిపిస్తుంది.

ప్రశ్న: ఎండాకాలం దీనికి నీళ్లెక్కడి నుంచి తేవాలి? (కె.ఆర్.పురం)

జవాబు: నీళ్లు ఎక్కువ తాగే మొక్కే, కాదనలేం. 2024 మార్చిలో కరువొచ్చినప్పుడు తాగునీటితో తోట తడిపితే 5,000 రూపాయల జరిమానా అన్నది జలమండలి. అలాంటి రోజులకు ఎస్‌టీపీ నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు చాలు. మురుగునీటిని శుభ్రం చేసే మడుగుల్లో నాటే మొక్క ఇది. దుబ్బు మొదలు చుట్టూ మూడంగుళాల మందాన ఎండుటాకులు పరిస్తే రోజు విడిచి రోజు పోసినా నిలబడుతుంది.

ప్రశ్న: మేడ మీద కుండీలో పొడవు రకం పెట్టవచ్చా? (మారతహళ్లి)

జవాబు: పెట్టవచ్చు కానీ గాలికి కుండీతో సహా బోర్లా పడుతుంది. రెండు మూడడుగులకు మించని లూసిఫర్ లాంటి పొట్టి రకం మేలు. పొడవుదే కావాలంటే 18 అంగుళాలకు తగ్గని బరువైన కుండీ తీసుకుని, గోడ వారన పెట్టండి.

ప్రశ్న: కొత్త ఆకు విచ్చుకోగానే అడ్డంగా వరుసగా చిల్లులు. కొన్ని ఆకులు అతుక్కుపోయి విచ్చుకోవడమే లేదు. ఇంకో దుబ్బులో పసుపు చారలు. (బొమ్మనహళ్లి)

జవాబు: చిల్లులు పురుగువి. ఆకు చుట్టగా ఉన్నప్పుడే అన్ని మడతలనూ ఒకేచోట కొరుకుతుంది కనుక, విప్పితే వరుస కడతాయి. అతుక్కున్న ఆకును మెల్లగా విప్పి చూడండి, పురుగుంటే చేత్తో తీసి నలిపేయండి. ఎక్కువగా ఉంటే బీటీ పొడిని (పురుగుల్ని చంపే బ్యాక్టీరియా మందు) ప్యాకెట్ మీది మోతాదులో కలిపి, చుట్ట లోపలికి దిగేలా సాయంత్రం కొట్టండి. ఎండకు అది త్వరగా పని తప్పుతుంది.

పసుపు చారలు వేరే కథ. బెంగాల్ టైగర్ రకమైతే కంగారు లేదు, దాని చారలు ప్రతి ఆకుకూ ఈనెల వెంట ఒకే తీరులో ఉంటాయి. పచ్చటి ఆకు రకంలో తెగితెగి, మచ్చలుమచ్చలుగా వచ్చి, కొత్త ఆకు గిడసబారితే అది వైరస్. మందు లేదు. దుంపతో సహా తవ్వి పారేయండి, కంపోస్టులో వేయకండి. కత్తెరను స్పిరిట్‌తో తుడవకుండా పక్క దుబ్బు ముట్టుకోవద్దు. ఆ దుంపను స్నేహితులకు పంచడం అంటే జబ్బును పంచడమే.

ప్రశ్న: గింజలు వేస్తే నెల దాటినా మొలవలేదు. (హెబ్బాళ)

జవాబు: ఆ నల్ల గింజ తుపాకీ గుండంత గట్టిది, నీళ్లు లోపలికి దిగవు. ఒకవైపు ఆకురాయితో తెల్లటి పప్పు కాస్త కనబడేదాకా అరగదీయండి, అంతకు మించి వద్దు. గోరువెచ్చని నీళ్లలో 24 గంటలు నానబెట్టి, అంగుళం లోతున వేయండి. ఒకటి రెండు వారాల్లో మొలుస్తుంది. తల్లి మొక్క రంగే వస్తుందని మాత్రం అనుకోకండి, అదే రంగు కావాలంటే దుంపే నాటాలి.