వయోలా డేవిస్ దారిలో వెళ్తానంటున్న అమ్మాయి

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాము. మా అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది. ఈ ఆగస్టులో పన్నెండో గ్రేడులోకి వచ్చింది. లెక్కల్లో చురుకైనదే. కంప్యూటర్ సైన్స్ చదువుతుందని మేము అనుకుంటూ ఉంటే, అమెరికన్ నటి వయోలా డేవిస్‌లాగా నాటకాల్లోనూ సినిమాల్లోనూ నటిస్తానని, న్యూయార్క్‌లోని జూలియార్డ్ కళల పాఠశాలకు తప్ప మరెక్కడికీ దరఖాస్తు పెట్టనని భీష్మించుకుని కూర్చుంది. ఒప్పుకోమంటారా, వద్దంటారా?

జవాబు: నమస్కారం. మీ అమ్మాయి ఎంచుకున్న పేరు నాకు నచ్చింది. అందం, పరిచయాలు, అదృష్టం అంటూ కొట్టిపారేయడానికి వీలులేని జీవితం ఆమెది. అయితే ఆ జీవితాన్ని సంవత్సరాలతో సహా దగ్గర పెట్టుకుని చూస్తే, మీ అమ్మాయి పట్టుదలకూ మీ భయానికీ మధ్య మీరిద్దరూ అనుకుంటున్నంత దూరం లేదని తెలుస్తుంది.

1965లో సౌత్ కెరొలినాలో పుట్టి, రోడ్ ఐలండ్‌లోని సెంట్రల్ ఫాల్స్ అనే చిన్న ఊళ్లో కటిక పేదరికంలో పెరిగిన వయోలా డేవిస్, హైస్కూలు కాగానే జూలియార్డ్ మెట్లెక్కలేదు. సొంత రాష్ట్రంలోని ప్రభుత్వ కళాశాల అయిన రోడ్ ఐలండ్ కాలేజీలో చేరి, 1988లో నాటకరంగంలో డిగ్రీ పూర్తి చేశారు. జూలియార్డ్ ఆ తరువాతి మాట. అక్కడి ఆడిషన్ గురించి ఆమె స్వయంగా చెప్పుకున్న సంగతి ఒకటి మీ అమ్మాయికి తప్పక వినిపించండి. అప్పటికే రోడ్ ఐలండ్ రాజధాని ప్రావిడెన్స్‌లో ఒక నాటకంలో వేషం వేస్తున్న ఆమె, ప్రదర్శన వేళకు తిరిగి చేరుకోవాలి కనుక తనకు నలభై అయిదు నిమిషాలే ఉన్నాయని, ఈలోగా తీసుకునేదీ లేనిదీ తేల్చి చెప్పాలని అక్కడివారితో అన్నారట. తీసుకున్నారు. ఆ మాట అనగలిగినది పద్దెనిమిదేళ్ల పిల్ల కాదు. డిగ్రీ పూర్తి చేసి, చేతిలో పని ఉండి, ఆ పనికి ఆలస్యమవుతోందని కంగారుపడుతున్న నటి.

1993లో జూలియార్డ్ చదువు ముగిసింది. 1996లో ఆగస్ట్ విల్సన్ రాసిన నాటకంతో ఆమె బ్రాడ్‌వే మీద, అంటే న్యూయార్క్‌లోని పేరున్న నాటకశాలల రంగంలో, అడుగుపెట్టారు. 2001లో అదే రచయిత రాసిన మరో నాటకంలో నటించినందుకు, బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ అవార్డు వచ్చింది. ఇంత జరిగినా సినిమా ప్రేక్షకులలో ఎక్కువమందికి ఆమె పేరు తెలియదు. తెలిసినది 2008లో ‘డౌట్’ చిత్రం వచ్చినప్పుడు, అంటే ఆమెకు నలభై మూడేళ్లు వచ్చాక. ఆ సినిమా మొత్తంలో ఆమె కనిపించేది పది నిమిషాల లోపే. బడిలో చదువుతున్న కొడుకు గురించి ప్రధానోపాధ్యాయురాలితో, అంటే మెరిల్ స్ట్రీప్‌తో, చలిలో నడుస్తూ మాట్లాడే తల్లి పాత్ర అది. కన్నీళ్లతో పాటు ముక్కు కూడా కారుతూ ఉంటుంది, ఆ తల్లి తుడుచుకోదు. కెమెరా ముందు అందంగా కనబడాలన్న ఆలోచన ఏ కోశానా ఉన్న నటి అయినా చెయ్యి ముక్కు దగ్గరకు పోనిచ్చి ఉండేది. ఆ కొద్ది నిమిషాలకే ఆమెకు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. మీరు ముగ్గురూ కూర్చుని ఆ ఒక్క సన్నివేశం చూడండి. చూశాక, జూలియార్డ్ పట్టాకూ ఆ సన్నివేశానికీ మధ్య ఉన్న పదిహేనేళ్లను ఎలా గడపాలనుకుంటోందో మీ అమ్మాయిని అడగండి.

ఆ తరువాత వచ్చిన ఎమ్మీ, ఆస్కార్, గ్రామీ అవార్డుల జాబితా మీ అమ్మాయికి కంఠతా వచ్చే ఉంటుంది కాబట్టి నేను చెప్పనక్కరలేదు. ఒక్క విషయం మాత్రం గమనించదగినది. 2017లో ఆస్కార్ తెచ్చిపెట్టిన ‘ఫెన్సెస్’ సినిమాలోని రోజ్ పాత్రను వయోలా డేవిస్ 2010లోనే డెంజెల్ వాషింగ్టన్ సరసన బ్రాడ్‌వేలో వందకు పైగా ప్రదర్శనలలో పోషించి, దానికి టోనీ కూడా అందుకున్నారు. అంటే కెమెరా ముందుకు వచ్చేసరికి ఆ పాత్ర ఆమెకు కొత్తది కాదు.

ఇక మీ భయం సంగతి. అది అకారణమైనది కాదు. నటుల సంఘమైన శాగ్-ఆఫ్ట్రా ఆరోగ్య బీమాకు అర్హత రావాలంటే 2023లో ఏడాదికి సుమారు 26,500 డాలర్లు నటన మీద సంపాదించవలసి ఉండేది. సంఘంలో అత్యధికులు ఆ గీత దాటడం లేదన్న మాట ఆ ఏడాది జరిగిన సమ్మెలో పదేపదే వినిపించింది. ఫ్రిస్కోలో ఇంటి అద్దెలు తెలిసిన మీకు ఆ మొత్తం ఎంతో వివరించనక్కరలేదు. కాబట్టి అప్పు చేసి ఈ రంగంలోకి దిగడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. అభ్యంతరం నటన మీద కాదు, అప్పు మీద.

నా సలహా ఇది. జూలియార్డ్‌కు దరఖాస్తు పెట్టనివ్వండి, కానీ అదొక్కటే పెట్టనివ్వకండి. అక్కడ నటనలో ఏడాదికి చేర్చుకునేది ఇరవై మంది లోపే, డిగ్రీ స్థాయిలో ఫీజు ఏడాదికి యాభై వేల డాలర్లు దాటుతుంది. మీ రాష్ట్రంలోనే, ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో మంచి నాటక విభాగం ఉంది. స్థానికులకు ఫీజు అందులో సుమారు నాలుగో వంతు. లెక్కలు బాగా వచ్చిన పిల్ల కనుక నాటకంతో పాటు రెండో మేజర్‌గా మరో విషయాన్నీ చదవవచ్చు. అయితే ఆ రెండోది మీరు నిర్ణయించకండి. ఇరవై రెండేళ్లకు కూడా ఇదే కోరిక ఉంటే, యేల్ నాటక పాఠశాలలో 2021 నుంచి, జూలియార్డ్‌లో నటన మాస్టర్స్ డిగ్రీ అయిన ఎంఎఫ్ఏలో 2024 నుంచి ట్యూషన్ ఫీజు లేదు. సీట్లు బహు తక్కువే, దొరకడం కష్టమే, కానీ దొరికితే ఆ చదువుకు ఫీజు కోసం అప్పు చేయవలసిన పని ఉండదు. వయోలా డేవిస్ వెళ్లినది కూడా ఈ వరుసలోనే అని మీ అమ్మాయికి గుర్తు చేస్తే, మీరు వెనక్కు లాగుతున్నారని అనుకోదు.

మీ అమ్మాయి అమెరికా పౌరురాలు కనుక ఒక చిక్కు తప్పింది. ఇదే ప్రశ్నతో ఉన్న, హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబాలకు ఇచ్చేది) మీద ఉన్న పిల్లల తల్లిదండ్రులు మాత్రం ఇరవై ఒకటో ఏట ఆ హోదా పోతుందని, చదువయ్యాక విదేశీ విద్యార్థులు ఇక్కడ పనిచేయడానికిచ్చే అనుమతికి (ఓపీటీ) సైన్స్, ఇంజనీరింగ్ వంటి డిగ్రీలవారికి దొరికే స్టెమ్ పొడిగింపు నాటకరంగ డిగ్రీకి వర్తించదని ముందే లెక్కలోకి తీసుకోవాలి.

ఈ శీతాకాలానికి పని ఉంది. చాలా కాలేజీలు మొదట వీడియో అడుగుతాయి, అందులో నెగ్గినవారిని జనవరి, ఫిబ్రవరిలలో నేరుగా పిలుస్తాయి. సాధారణంగా ఒకదానికొకటి పొంతన లేని రెండు ఏకపాత్రలు, ఒక్కొక్కటి ఒకటి రెండు నిమిషాలు, చూపవలసి ఉంటుంది. అవి అచ్చయిన నాటకాల నుంచి తీసుకోవాలి, సినిమాల నుంచి కాదు. తన వయసుకు దగ్గరగా ఉన్న పాత్రలే ఎంచుకోమనండి. ‘డౌట్’లోని తల్లి పాత్ర మీద మనసుపడుతుందేమో, అది ఇప్పుడు వద్దని చెప్పండి. వీడియో తీసేటప్పుడు ఫోను మీరే పట్టుకోండి. పదోసారి తీయాలన్నా విసుక్కోకండి. పదకొండోసారి తీద్దామని తనే అడుగుతుందో, చాలు నాన్నా అంటుందో గమనించండి.