లార్డ్ లోవాట్ ఎవరు? ఆయన సైనిక జీవితం ఎలా సాగింది?

రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ కమాండోలను ముందుండి నడిపిన లార్డ్ లోవాట్ అసలు పేరు సైమన్ ఫ్రేజర్. స్కాట్లండ్‌లోని ఇన్వర్నెస్ ప్రాంతంలో 1911లో జన్మించిన ఆయనకు 1933లో తండ్రి మరణంతో లార్డ్ బిరుదు, దానితోపాటు ఫ్రేజర్ వంశ నాయకత్వం సంక్రమించాయి.

1942 ఆగస్టులో జర్మన్ల ఆధీనంలో ఉన్న ఫ్రాన్స్ రేవుపట్టణం డియెప్ మీద మిత్రరాజ్యాలు జరిపిన దాడి మొత్తంగా ఘోరంగా విఫలమైనా, ఆయన నాయకత్వంలోని 4వ కమాండో దళం మాత్రం తనకు అప్పగించిన జర్మన్ ఫిరంగి స్థావరాన్ని ధ్వంసం చేసి తిరిగి వచ్చింది. సైనికాధికారిగా ఆయన సమర్థతకు నా దృష్టిలో ఇదే గట్టి నిదర్శనం.

అయితే జనం గుర్తుంచుకున్నది మిత్రరాజ్యాల సేనలు ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో దిగిన 1944 జూన్ 6నే. యుద్ధరంగంలో స్కాట్లండ్ సంప్రదాయ ఊదు వాద్యమైన బ్యాగ్‌పైప్ వాయించరాదన్న నిబంధన ఇంగ్లీషు వాళ్లదని, స్కాట్లండ్ వాళ్లమైన మనకు అది వర్తించదని ఆయన చెప్పడంతో, బిల్ మిలిన్ అనే యువ సైనికుడు నార్మండీలోని స్వోర్డ్ తీరంలో నీళ్లలోకి దిగి, గుళ్ల వర్షం మధ్యనే వాయించుకుంటూ నడిచాడు.

ఆరు రోజులకే నార్మండీలోని బ్రెవిల్ గ్రామం వద్ద స్వపక్షపు ఫిరంగి గుండు పేలి లోవాట్ తీవ్రంగా గాయపడ్డారు. ఆయన యుద్ధ జీవితం అక్కడితో ముగిసింది. 1945లో చర్చిల్ ప్రభుత్వంలో కొద్దికాలం ఉపమంత్రిగా పనిచేశారు. పెద్ద కుమారుడు 1994లోనే మరణించినందున, 1995లో ఆయన తదనంతరం బిరుదు మనవడికి దక్కింది.