పాత పద్మినికి చవక రంగు వేస్తే తప్పా?

ప్రశ్న: మాది మలక్‌పేట. మా నాన్నగారు వాడిన 1986 మోడల్ ప్రీమియర్ పద్మిని కారు ఉంది. పాత కారును విప్పి పెద్ద ఇంజనుతో మార్చుకోవడాన్ని అమెరికాలో హాట్ రాడ్ అంటారు కదా, ఆ పద్ధతిలో దాన్ని నేనే ఇంటి దగ్గర తయారు చేసుకుంటున్నాను. టింకరింగ్ అయిపోయింది. గ్యారేజీలో ఫుల్ బాడీ పెయింటింగ్ చేయించే స్తోమత నాకు లేదు. రాణిగంజ్‌లో తక్కువ రేటుకు దొరికే డ్యూకో గానీ ఎనామిల్ గానీ తెచ్చి, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కంప్రెసర్ పెట్టి నేనే కొడదామనుకుంటున్నాను. రంగు ఆలివ్ గ్రీన్, మ్యాట్ ఫినిష్. తర్వాత ముందు మడ్‌గార్డులు, బానెట్ తీసేసి పెద్ద ఇంజను పెట్టాలని ఉంది. చవక పెయింటు వాడితే ఆర్టీఏ వాళ్లు ఒప్పుకోరా? ప్రైమర్ కొట్టినప్పుడే వాసన వచ్చిందని పై ఫ్లోర్ ఆయన అసోసియేషన్‌లో గొడవ చేశారు. పోలీసుల దగ్గరికి వెళ్తానంటున్నారు. వెళ్లగలరా? బండి ఆర్‌సీ ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంది, ఆయన పోయి నాలుగేళ్లయింది.

జవాబు: డబ్బా వెయ్యి రూపాయలదా, పది వేలదా అని మోటారు వాహనాల చట్టం ఎక్కడా అడగదు. డ్యూకో అయినా, ఎనామిల్ అయినా, హార్డనర్ కలిపి కొట్టే పీయూ (పాలీయురేథేన్) పెయింటు అయినా దానికి ఒకటే. రోలరుతో పూసినా, చారలు కనిపించినా అది మీ అభిరుచి, మీ ఓపిక. చట్టం చూసేది పెయింటు నాణ్యతను కాదు, రంగును.

బండి రిజిస్ట్రేషన్‌కి నింపే ఫారం 20లోనే రంగుకు ఒక గడి ఉంటుంది. ఆ వివరమే ఆర్‌సీలోకి వస్తుంది. ఆర్‌సీలో తెలుపని రాసి ఉండి ఎదురుగా నల్ల బండి నిలబడితే, ఆపిన ట్రాఫిక్ ఎస్సైకి మొదట వచ్చే అనుమానం దొంగ బండి అనే. బండిలో చేసే మార్పుల సంగతి చెప్పేది 1988 నాటి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52. తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని అది అంటుంది. ‘మార్పు’ అంటే బండి ప్రాథమిక లక్షణాలు మారిపోయేలా నిర్మాణంలో చేసే మార్పు అని దాని కిందే వివరణ ఉంది. రంగు మారినంత మాత్రాన నిర్మాణం మారదు. కేరళ నుంచి వెళ్లిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ గీతే గీసింది. కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్లను ముట్టుకోవడానికి వీల్లేదు. ఆర్‌సీలోని మిగతా వివరాలు మార్చుకుంటే, నిబంధనల ప్రకారం అందులో నమోదు చేయించుకోవాలి. మీ రంగు ఈ రెండో కోవలోకి వస్తుంది. కాబట్టి చేసుకోవచ్చు, కానీ చెప్పి చేసుకోవాలి.

అయితే మీరు ఎంచుకున్న రంగు కుదరదు. ఆలివ్ గ్రీన్‌ను రక్షణ శాఖ వాహనాలకు తప్ప మరే బండికీ వేయకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని రూల్ 121 నేరుగా చెబుతోంది. మ్యాట్ అయినా మెరిసే ఫినిష్ అయినా తేడా లేదు. జీపులకు ఈ రంగు కొట్టి తిరిగేవాళ్లు నగరంలో కనిపిస్తారు నిజమే. వాళ్లని ఇంకా ఎవరూ ఆపకపోవడం మీకు హక్కు కాదు. కొంచెం ముదురుగానో లేతగానో కలిపించుకుంటే సరిపోతుందా అని అడక్కండి. అది ఆలివ్ అవునా కాదా అని తేల్చేది మీ షేడ్ కార్డు కాదు, ఆ రోజు డ్యూటీలో ఉన్న బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కన్ను. అమెరికాలో డబ్బుల్లేని కుర్రాళ్లు 1932 ఫోర్డులను విప్పి రోడ్డెక్కించిన రోజుల్లో చాలా బండ్లు ఉత్త ప్రైమర్ మీదే తిరిగేవి. మీకు ఆ వేషమే కావాలంటే మ్యాట్ గ్రే, మ్యాట్ బ్లాక్ ఉన్నాయి. వాటికి ఏ నిషేధమూ లేదు.

పద్ధతి ఇదీ. పని మొదలుపెట్టే ముందే, వేయబోయే రంగు పేరు రాసి ఆర్టీఏకి వాహన మార్పు కింద దరఖాస్తు పెట్టండి. ముందే అనుమతి తీసుకోకుండా మార్పు చేస్తే పద్నాలుగు రోజుల్లోగా, మీరు నివాసం ఉండే ప్రాంతపు రిజిస్టరింగ్ అధికారికి ఆర్‌సీతో సహా తెలియజేయాలని సెక్షన్ 52(3) చెబుతోంది. రంగుకు ఆ గడువు వర్తించదని వాదించే లాయర్లు దొరుకుతారు. వాళ్ల ఫీజు కన్నా దరఖాస్తు ఫీజు చవక. బండి మీద ఫైనాన్స్ ఉంటే ఫైనాన్షియర్ రాతపూర్వక అంగీకారం కావాలి. మీది పాత బండి కాబట్టి ఆ బెడద ఉండకపోవచ్చు గానీ, ఎప్పుడో తీర్చేసిన అప్పు ఆర్‌సీలో ఇంకా కొట్టేయకుండా మిగిలిపోవడం చాలాసార్లు చూశాను. ఒకసారి తిరగేసి చూసుకోండి. రంగు మార్చిన సంగతి ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా మెయిల్ పెట్టండి. రేపు క్లెయిమ్ వచ్చినప్పుడు సర్వేయర్ ఫోటోలోని బండీ పాలసీలోని బండీ వేరంటూ నెలల తరబడి తిప్పించుకోకుండా ఆ ఒక్క మెయిల్ కాపాడుతుంది.

ఇక్కడ సొంతంగా పెయింటు కొట్టేవాళ్లు చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. ఇన్‌స్పెక్షన్‌లో రంగు కన్నా ముందు చూసేది ఛాసిస్ నంబరు. రేకు మీద పొడిచిన ఆ అంకెల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీస్తారు. పాత బండికి అక్కడ ఎలాగూ తుప్పు ఉంటుంది. ఎమెరీ పేపరుతో గట్టిగా రుద్ది, లప్పం పట్టించి, పైన నాలుగు కోట్లు కొట్టారంటే అంకెల గాడులు పూడిపోతాయి. ప్రింటులో మూడు ఎనిమిదిలా వస్తుంది, లేదా ఏమీ రాదు. నంబరు చెరిపిన బండి అన్న అనుమానం ఒకసారి ఫైల్లోకి ఎక్కితే దించడం మహా కష్టం. లప్పం పెట్టకముందే ఆ చోటును శుభ్రం చేసి ఫోటో తీసుకోండి, ప్రింటు ఒకటి మీరే తీసి దాచుకోండి, తర్వాత దాని మీద మాస్కింగ్ టేపు వేయండి. ఇంజను నంబరు దగ్గర కూడా అంతే.

ఇక మడ్‌గార్డులు, బానెట్, పెద్ద ఇంజను. వీటికి నా జవాబు వద్దనే. సుప్రీంకోర్టు గీత దాటేది ఇక్కడే. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ(4) ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ‘ఒక్కో మార్పుకి’ అన్న మాట గమనించండి. మీరు రాసినవాటిలోనే మూడున్నాయి. సైలెన్సర్ కూడా కోసేస్తే శబ్దం, పొగల కింద సెక్షన్ 190(2) వేరే. అందులో జరిమానా 10,000 రూపాయల దాకా, లైసెన్సు మూడు నెలలు రద్దు.

మీరు ఆలోచించని నష్టం ఇంకొకటి ఉంది. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటిన బండికి 20,000 రూపాయల ఫీజుతో పదేళ్ల రిజిస్ట్రేషన్, ‘వీఏ’ అక్షరాలున్న నంబరు ఇస్తారు. రోజూ ఆఫీసుకి తిప్పడానికి పనికిరాదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ మాత్రమే. షరతు ఏమిటంటే బండి అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ షెల్, ఇంజను గణనీయంగా మారి ఉండకూడదు. మీ పద్మిని 2036లో ఆ అర్హతకు వస్తుంది. రంగు మార్చినా మళ్లీ పాత రంగు వేసుకోవచ్చు. కోసిన బాడీని ఎవరు అతికిస్తారు?

విచిత్రమైన బండ్లు తయారు చేయడం నేరం కాదు. బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం చూసే ఉంటారు, అక్కడ బ్యాట్, కప్పు, బూటు ఆకారాల్లో బండ్లున్నాయి. రిజిస్ట్రేషన్ కావాలని సెక్షన్ 39 అడిగేది నడిపే బండికి, అది బహిరంగ స్థలమైనా మరో చోటైనా. నడపకుండా మీ సొంత ప్రహరీ లోపలే ప్రదర్శనకు పెట్టుకునే ఉద్దేశమైతే లెక్క వేరు. మీకు నడపాలనే ఉందని ఉత్తరం చెబుతోంది.

మీరు చివర్లో ఏదో మాటవరసకు అన్నట్టు రాసిన ఆర్‌సీ సంగతే నా లెక్కలో మొదటిది. యజమాని చనిపోతే వారసుడు ముప్పై రోజుల్లో తెలియజేసి, మూడు నెలల్లో ఫారం 31తో బండిని తన పేరు మీదికి మార్చుకోవాలని రూల్ 56. మీకు నాలుగేళ్లు గడిచాయి. అంటే ఈ రోజున రంగు మార్చమని దరఖాస్తు పెట్టడానికి మీకు అర్హతే లేదు. ఆ ఆర్‌సీ మీద సంతకం పెట్టగలిగిన మనిషి లేరు. ఆలస్య రుసుముతో ఇప్పుడైనా పెట్టుకోవచ్చు. మరణ ధ్రువీకరణ పత్రం, వారసుల పత్రం, అమ్మగారూ తోబుట్టువులూ ఉంటే అభ్యంతరం లేదని వాళ్ల అఫిడవిట్లు సిద్ధం చేసుకోండి. బండి విలువ ఎంతని వాళ్లెందుకు అడ్డుపడతారు అనుకోకండి. నాన్నగారి బండి అన్నప్పుడు గొడవ డబ్బు గురించి రాదు. రంగు వేశాక మొదలయ్యే గొడవ కన్నా ముందే సంతకాలు పెట్టించుకోవడం మంచిది. అలాగే రిజిస్ట్రేషన్ గడువు చూడండి. మొదటి పదిహేనేళ్ల తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజును 2025 ఆగస్టులో 10,000 రూపాయలకు పెంచారు. గడువు దాటిపోయి ఉంటే పెయింటు బడ్జెట్‌లో ముందు ఈ డబ్బు తీసి పక్కన పెట్టండి. పేరు, రెన్యువల్, ఆ తర్వాతే రంగు.

పై ఫ్లోర్ ఆయన పోలీసుల దగ్గరికి వెళ్లగలరా అంటే, వెళ్లగలరు, ఆయన వైపు న్యాయం కూడా ఉంది. సెల్లార్‌లో మీ పార్కింగ్ గడి మీదే కావచ్చు, సెల్లార్ గాలి మీది కాదు. థిన్నర్ ఆవిరి గాలి కన్నా బరువు, పైకి పోకుండా నేల మీదే పరుచుకుంటుంది. సెల్లార్‌లో కరెంటు మీటర్ల బోర్డులు, లిఫ్టు మోటారు స్విచ్చులు, పెట్రోలు ట్యాంకులతో ముప్పై బండ్లు ఉంటాయి. నాంపల్లి బజార్‌ఘాట్‌లో 2023 నవంబరులో అపార్ట్‌మెంట్ కింద నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములకు మంటలంటుకుని కనీసం తొమ్మిది మంది చనిపోయారు. ఆ తర్వాత ఈ నగరంలో ఏ ఎస్సై కూడా ఇలాంటి ఫిర్యాదును పక్కింటి గొడవ అని తోసిపుచ్చడు. మండే పదార్థంతో మనుషుల ప్రాణానికి ముప్పు తెచ్చేలా నిర్లక్ష్యంగా ఉంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 287 కింద ఆరు నెలల దాకా జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. దీనికి మంటలు రానక్కర్లేదు, ముప్పు చాలు. ఆ పని ఆపించమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌ను అడగడానికి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 152 ఉంది. కంప్రెసర్ చప్పుడుకు శబ్ద కాలుష్య నిబంధనలు వర్తిస్తాయి, నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి పది తర్వాత 45 డెసిబెల్స్. హార్డనర్ కలిపే పీయూ పెయింటు జోలికి ఇంట్లో అసలు వెళ్లకండి. అందులోని ఐసోసయనేట్లు ఆస్తమా తెప్పిస్తాయి, ముఖానికి కట్టుకునే గుడ్డ వాటిని ఆపదు. పాత రంగు గీకేటప్పుడు లేచే పొడిలో సీసం ఉండవచ్చు. సీసాన్ని 90 పీపీఎంకి (పది లక్షల భాగాల్లో 90కి) పరిమితం చేసిన 2016 నిబంధనలు ఇళ్ల పెయింట్లకే గానీ బండ్ల పెయింట్లకు కావు, అందులోనూ మీ బండి అప్పటికి ముప్పై ఏళ్లది. నీళ్ల పేపరుతో తడిపి రుద్దండి.

అందుకే చవకలో చేయాలన్న మీ పట్టుదలకు నా సలహా ఎనామిల్, రోలర్. లాయరు పెయింటింగ్ చెప్పడమేమిటని నవ్వుకున్నా సరే. పల్చగా కలిపి కోటు వేసి, ఆరాక రుద్ది, మళ్లీ కోటు వేయడం అమెరికాలో కూడా డబ్బు తక్కువైనవాళ్లు చేసే పనే. గాలిలో తుంపర ఉండదు, కంప్రెసర్ మోత ఉండదు, ఫిర్యాదులో రాయడానికి పెద్దగా ఏమీ మిగలదు. అది కూడా సెల్లార్‌లో వద్దు, ఊరి చివర తెలిసినవాళ్ల ఖాళీ స్థలమో షెడ్డో చూసుకోండి. స్ప్రే ఫినిషే కావాలంటే రుద్దుడు, లప్పం పని మీరు చేసుకుని, ఆఖరి కోట్లు మాత్రం పెయింటర్ షెడ్డులో కొట్టించండి. అప్పటికి ఆర్‌సీ పని తేలకపోతే బండిని నడపకుండా టోయింగ్‌లో తీసుకెళ్లండి. మిగిలిన థిన్నర్ డ్రైనేజీలో పోయవద్దు. ఖాళీ డబ్బాలను మామూలు చెత్తలో కలపకుండా విడిగా ఇవ్వాలి. మీ పని చూసి ఫ్రెండ్స్ బండ్లు కూడా తెచ్చి డబ్బులిస్తామంటే అది వ్యాపారం అవుతుంది, జీహెచ్‌ఎంసీ ట్రేడ్ లైసెన్సు లేకుండా ఒప్పుకోకండి.

రాణిగంజ్‌లో కొనేటప్పుడు కచ్చా చీటీకి సరిపెట్టుకోకుండా జీఎస్టీ బిల్లు అడగండి. డబ్బా మీది బ్యాచ్ నంబరు ఫోటో తీసుకోండి. రెండు నెలలకే పెచ్చులూడితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. రెండేళ్ల గడువు ఉంటుంది, ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. కానీ డబ్బా మీద రాసింది కాక వేరే థిన్నర్ కలిపారని, తుప్పు మీదే కొట్టారని అవతలివాళ్లు వాదిస్తారు. సరుకును తప్పుగా వాడితే అమ్మినవాడి బాధ్యత పోతుందని 2019 వినియోగదారుల చట్టం సెక్షన్ 87లో ఉంది కూడా. అదే డబ్బాలోంచి ఒక చిన్న రేకు ముక్క మీద డబ్బా మీది సూచనల ప్రకారం కోటు వేసి, తేదీ రాసి దాచండి. ఆ ముక్క కూడా పెచ్చులూడితే కమిషన్‌లో మీ వాదనకు అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.