మనవరాలికి మరో దత్తత పత్రం ఎందుకు?

సందేహం: మేమిద్దరం అమెరికా పౌరులం. ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే) కార్డులున్నాయి. దత్తతలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ ‘కారా’ ద్వారా ఆంధ్రప్రదేశ్‌లోని ఒక శిశు గృహ నుంచి నాలుగేళ్ల పాపను దత్తత తీసుకున్నాం. జిల్లా కలెక్టరు ఉత్తర్వు ఇచ్చాక పాపను అమెరికాకు తెచ్చుకుని ఐదు నెలలైంది. వచ్చే వేసవిలో మా మామగారి సహస్ర చంద్ర దర్శనానికి పాపతో కలిసి వస్తున్నాం. బంధువులు పాపను చూడడం అదే మొదటిసారి. పాప భారత పాస్‌పోర్టుకు ఇంకా గడువుంది. దానిమీదే రావచ్చా? సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దత్తత పత్రం రాయించకపోతే పాపకు ఆస్తిలో హక్కు రాదని మామగారికి ఎవరో చెప్పారు. వచ్చినప్పుడు ఆ పని చేయించాలని పట్టుబడుతున్నారు. కన్నవాళ్లు వచ్చి పాపను అడుగుతారేమోనని అత్తగారి భయం. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, మీ మామగారి పట్టుదలలో ఉన్నది ప్రేమే. తన తరువాత మనవరాలికి ఎవరూ అడ్డు చెప్పకూడదని ఆయన తాపత్రయం. అయితే ఆయన రాయించాలంటున్న ఆ పత్రమే రేపు అడ్డుగా నిలబడుతుంది. అందుకే ముందు దాని సంగతి చెబుతాను.

మన దేశంలో హిందువులు దత్తత తీసుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం. కన్నవాళ్లో, సంరక్షకులో బిడ్డను ఇస్తే మరొకరు పుచ్చుకోవడం ఆ చట్టంలో ఉంది. ఊళ్లలో రిజిస్టర్ చేయించే దత్తత పత్రాలు ఆ దారివే. రెండోది 2015 నాటి బాలల న్యాయ చట్టం. శిశు గృహలోని పిల్లలు, విదేశాలకు వెళ్లే పిల్లలు ఈ దారిలో కారా అనుమతితోనే దత్తతకు వెళ్లాలి. 2022 సెప్టెంబరు 1 నుంచి ఈ దత్తత ఉత్తర్వును కోర్టు బదులు జిల్లా మెజిస్ట్రేట్, అంటే కలెక్టరే ఇస్తున్నారు. మీ చేతిలో ఉన్నది అదే. దత్తత ఆ ఉత్తర్వుతో పూర్తయింది.

ఇప్పుడు మామగారు చెప్పే పత్రాన్ని ఒకసారి ఊహించుకోండి. పైన ‘దత్తత ఇచ్చువారు’ అని ఒక పేరు, కింద ‘దత్తత పుచ్చుకొనువారు’ అని మీ పేర్లు ఉంటాయి. ఆ మొదటి గీత మీద సంతకం పెట్టేదెవరు? చట్టం దృష్టిలో ఇప్పుడు పాపకు తల్లిదండ్రులు మీరే. మీ బిడ్డను మీకే మీరు దత్తత ఇచ్చుకోలేరు. ఒకసారి దత్తత వెళ్లిన బిడ్డను మళ్లీ దత్తత తీసుకోకూడదని 1956 చట్టం 10వ సెక్షన్ సూటిగా చెబుతోంది. ఇలాంటి పత్రంతో ఒక కుటుంబం నా దగ్గరకు వచ్చింది. ఇచ్చువారి చోట దూరపు బంధువు ఒకాయన చేత సంతకం పెట్టించారు. ఆయనకు ఆ పిల్లతో ఏ సంబంధమూ లేదు. ఆ కాగితాన్నీ అసలు ఉత్తర్వునూ బల్లమీద పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే పిల్లకు రెండు దత్తత తేదీలు, ఇద్దరు ‘ఇచ్చినవాళ్లు’ కనిపించారు. ఏ అధికారి చూసినా మొదట పుట్టేది అనుమానమే. నిక్షేపంలాంటి ఉత్తర్వు ఉన్న పిల్లకు ఆ మచ్చ పెట్టింది ప్రేమించే తాతగారే. ఆ పొరపాటు మీ ఇంట జరగనివ్వకండి.

ఇక ఆస్తి. బాలల న్యాయ చట్టం 63వ సెక్షన్‌ను మామగారికి మీరే చదివి వినిపించండి. దాని సారం ఇది: ఉత్తర్వు అమలైన రోజు నుంచి ఆ బిడ్డ మీ కడుపున పుట్టిన బిడ్డతో సమానం. వీలునామా లేకుండా వచ్చే వారసత్వంతో సహా అన్ని విషయాల్లోనూ సమానమే. పుట్టిన కుటుంబంతో బంధాలన్నీ తెగిపోయి ఈ కుటుంబంతో ఏర్పడతాయి. ‘అన్ని విషయాల్లోనూ’ అన్న మాట చట్టంలోనే ఉంది, నేను చేర్చింది కాదు. అయినా ఆయన మనసు కుదుటపడకపోతే అందుకు సరైన కాగితం వీలునామా. స్వార్జితాన్ని ఆయన తన ఇష్టప్రకారం ఎవరికైనా రాసుకోవచ్చు. ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే మంచిది. అందులో ‘నా కుమారుని కుమార్తె’ అని, పక్కన పాప పేరు రాస్తే చాలు. ‘దత్తపుత్రిక’ అన్న మాటతో పనిలేదు. పొలం ఉంటే విదేశీ పౌరురాలికి రాదని కూడా ఎవరో అంటారు. ఓసీఐ కార్డుదారులు వ్యవసాయ భూమిని కొనకూడదన్నది నిజమే. వారసత్వంగా పొందడానికి మాత్రం అడ్డు లేదు.

పాస్‌పోర్టు విషయంలో మాత్రం నేను మెత్తగా చెప్పలేను. పాత పాస్‌పోర్టు మీద రాకండి. పాప ఐహెచ్-3 వీసాతో (ఇక్కడే దత్తత పూర్తయిన పిల్లలకు అమెరికా ఇచ్చే వీసా) వెళ్లి ఉంటే, అక్కడి 2000 నాటి బాలల పౌరసత్వ చట్టం ప్రకారం, మీతో ఉండడానికి అమెరికాలో దిగిన రోజే ఆ దేశ పౌరురాలైంది. మన చట్టంలో ద్వంద్వ పౌరసత్వానికి చోటు లేదు. మరో దేశ పౌరసత్వం వచ్చాక భారత పాస్‌పోర్టుతో ప్రయాణించడాన్ని మన ప్రభుత్వం 1967 పాస్‌పోర్టుల చట్టం కింద నేరంగా చూస్తుంది. గడువుందా లేదా అన్న ప్రశ్నే రాదు. పైగా అమెరికా పౌరులు ఆ దేశంలోకి తిరిగి అడుగుపెట్టాలంటే ఆ దేశ పాస్‌పోర్టే ఉండాలి. పాత దానితో ఎలాగో ఇక్కడికి చేరినా తిరుగు ప్రయాణంలో చిక్కుకుంటారు. నాలుగేళ్ల పిల్ల విమానాశ్రయంలో అమ్మా నాన్నల మొహాల్లో కంగారు చూస్తే, మళ్లీ ఎక్కడ దింపేస్తారో అని బెదిరిపోతుంది. ఒక చోటు నుంచి మరో చోటికి మారిన పిల్లలకు ఆ భయం లోపల ఉంటుంది.

పని వరుస ఇది. ముందు పాపకు అమెరికా పాస్‌పోర్టు తీసుకోండి. తరువాత భారత పాస్‌పోర్టును కాన్సులేట్ చెప్పిన పద్ధతిలో అప్పగించి సరెండర్ ధృవపత్రం తీసుకోండి. ఆపైన ఓసీఐకి దరఖాస్తు పెట్టండి, మైనరు కాబట్టి మీ ఇద్దరి సంతకాలూ కావాలి. వేసవిలోగా ఓసీఐ రాకపోయేటట్టుంటే వీసా తీసుకుని రండి. ఇవన్నీ ఒకదాని తరువాత ఒకటి జరగాల్సినవి కాబట్టి ఈ వారమే మొదలుపెట్టండి. టిక్కెట్లు ఆ తరువాతే.

అత్తగారి భయం గురించి. శిశు గృహ నుంచి పిల్లను దత్తతకు ఇచ్చే ముందే బాలల సంక్షేమ సమితి ఆ ప్రశ్న తేల్చేస్తుంది. కన్నవాళ్లే అప్పగించిన బిడ్డ అయితే మనసు మార్చుకోవడానికి వాళ్లకు రెండు నెలల గడువు ఇస్తారు. ఎవరూ లేక దొరికిన బిడ్డ అయితే వాళ్ల కోసం వెతికిస్తారు. ఆ తరువాతే దత్తతకు చట్టపరంగా అడ్డు లేదని ప్రకటిస్తారు. ఇవన్నీ దాటి వచ్చిన పాపను ఎవరో గుమ్మంలోకి వచ్చి అడిగితే ఇచ్చేయాల్సిన పరిస్థితి లేదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది దీనికి ఎదురు వైపు. మన బంధువర్గంలో ఆసక్తి ఎక్కువ. ‘ఆ జిల్లాలో నాకు తెలిసినవాళ్లున్నారు, ఎవరి పిల్లో కనుక్కుంటాను’ అని సాయం చేస్తున్నట్టే ఒకరు బయలుదేరుతారు. వాళ్లను ఆపండి. 2022 దత్తత నిబంధనల ప్రకారం మూలాల అన్వేషణ, అంటే కన్నవాళ్ల ఆచూకీ వెతకడం, మూడో వ్యక్తి చేయడానికి వీల్లేదు. ఆ హక్కు పాపది. పద్దెనిమిదేళ్లు నిండాక తానే అడగవచ్చు. అంతకుముందైతే మీతో కలిసి దరఖాస్తు చేయాలి. అప్పుడు కూడా కన్నతల్లి గోప్యతకు భంగం కలగకూడదు. ఆమె ఏ పరిస్థితుల్లో బిడ్డను వదులుకుందో మనకు తెలియదు. ఎక్కడో తన బతుకు తాను బతుకుతున్న ఆ మనిషి ఇంటి ముందు ఒక పెద్దమనిషి కారు ఆగితే ఏమవుతుందో ఆలోచించండి.

అలాగే శిశు గృహ పేరు, ఊరు, పాప అక్కడికి ఎలా చేరిందన్న వివరాలు బంధువులెవరికీ చెప్పకండి. చెప్పాల్సిన బాధ్యత చట్టం మీ మీద పెట్టలేదు. వేడుక ఫొటోలు కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టుకోవచ్చు. వాటి కింద ‘దత్తత తీసుకున్న పాప’ అని రాయవద్దని మాత్రం ముందే అందరికీ చెప్పండి. ఫేస్‌బుక్‌లో పెడితే అది ఎంత దూరం వెళుతుందో మన చేతుల్లో ఉండదు. వేడుకలో ఏ పెద్దావిడో పాప గడ్డం పట్టుకుని ‘నువ్వెవరి పిల్లవే?’ అని ముద్దుగానే అడుగుతుంది. పాప మీ మొహం వంక చూస్తుంది. ఆ క్షణంలో తడబడకుండా మీవారో మీరో ‘మా అమ్మాయి’ అనండి. అది చట్టం ప్రకారం అక్షరాలా నిజం.

పాప వచ్చిన తేదీ నుంచి రెండేళ్లపాటు మీ దత్తత వ్యవహారం చూసిన అక్కడి ఏజెన్సీ కారాకు నివేదికలు పంపాలి. మొదటి ఏడు మూడు నెలలకొకటి, రెండో ఏడు ఆరు నెలలకొకటి. మీ ప్రయాణం ఒక నివేదిక సమయంలో పడేటట్టుంటే ఏజెన్సీకి ముందే రాతపూర్వకంగా తెలియజేయండి. మీలో ఒకరే పాపతో వస్తుంటే రెండోవారి సమ్మతి లేఖను నోటరీ చేయించి తెచ్చుకోండి. దత్తత ఉత్తర్వు ధృవీకృత నకలు, మీ పేర్లున్న పాప జనన ధృవపత్రం చేతి సంచిలోనే ఉంచుకోండి. ‘రెండు నెలలు మా దగ్గర ఉంచి వెళ్లండి’ అని అత్తగారు అడిగితే ఈసారికి వద్దనే నా సలహా. చట్టం కాదనడం వల్ల కాదు. ఐదు నెలల క్రితమే మిమ్మల్ని అమ్మా నాన్నా అని పిలవడం మొదలుపెట్టిన పిల్ల ఆమె.

ఇంట్లో పూజ, నామకరణం చేసుకుంటామంటే నిరభ్యంతరంగా చేసుకోండి. వాటికి ఏ కాగితమూ అక్కరలేదు. పురోహితుడు సంకల్పంలో పాప గోత్రం ఏమిటని అడిగితే, తాతగారి గోత్రమే చెప్పమనండి. ఆ మాట మామగారి నోటే వస్తే మరీ మంచిది.