విశ్వాసాన్ని ‘పంచుకోవడం’, ‘అన్యులు’: ఒక శీర్షికపై సందేహం

సందేహం: “విభిన్న సాంస్కృతిక నేపథ్యాలు కలిగిన అన్యులతో క్రైస్తవ విశ్వాసాన్ని పంచుకోవడం ఎలా?” అని ఒక వ్యాసానికి శీర్షిక పెట్టాను. ‘పంచుకోవడం’ తెలుగు నుడికారం కాదని ఒకరు, ‘అన్యులు’ అనడం తగదని మరొకరు అన్నారు. ఎవరి మాట సరైనది?

సమాధానం: మొదటివారి ఆక్షేపణ సగమే నిలుస్తుంది, రెండవవారిది పూర్తిగా నిలుస్తుంది.

‘పంచుకొను’ నిన్న మొన్న వచ్చిన క్రియ కాదు. అన్నదమ్ములు ఆస్తి పంచుకుంటారు, ఆలుమగలు కష్టసుఖాలు పంచుకుంటారు. రెండు చోట్లా ఇరుపక్షాలకూ వాటా ఉంది, ఆ భావాన్ని మోసేది చివరనున్న ‘కొను’. కాబట్టి వినేవారు కూడా తమ నమ్మకాలను, ప్రశ్నలను మన ముందు పెట్టే సంభాషణకు ఈ క్రియ చక్కగా సరిపోతుంది. ఒకరే చెప్పుకుపోతూ ఎదుటివారు వింటూ కూర్చునే సందర్భానికి మాత్రం అతకదు. పోనీ, ‘కొను’ తీసేసి “సువార్త పంచారు” అంటే కరపత్రాలు పంచినట్టు వినిపిస్తుంది.

తెలుగు బైబిలు అనువాదకులు ఈ విషయంలో జాగ్రత్తపరులు. సర్వలోకానికి వెళ్లమన్న యేసు ఆజ్ఞలో (మార్కు 16:15) ‘ప్రకటించుడి’ అన్నారు. మీ నిరీక్షణకు, అంటే మీరు పెట్టుకున్న ఆశకు, కారణమేమిటని ఎవరైనా అడిగితే సాత్వికంతో ‘సమాధానము చెప్పుట’కు సిద్ధంగా ఉండాలన్నారు (1 పేతురు 3:15). సువార్తతో పాటు ప్రాణాలను సైతం అర్పించడానికి సిద్ధపడ్డామని తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు రాసిన చోట (1 థెస్సలొనీకయులకు 2:8) ‘ఇచ్చుట’ అన్నారు. చెప్పేవారికీ వినేవారికీ మధ్య ఉన్న సంబంధాన్ని బట్టి క్రియ మారుతోందన్నమాట.

ఇక ‘అన్యులు’. బైబిల్లో ‘అన్యజనులు’ అంటే యూదులు కాని జాతులవారు. ఆ లెక్కన మీ వ్యాసం చదివే తెలుగు క్రైస్తవులు కూడా ఆ మాట కిందికే వస్తారు! సంఘాల వాడుకలో అది క్రమంగా ‘క్రైస్తవులు కానివారు’ అనే అర్థానికి జరిగింది. సంఘం బయట మామూలు తెలుగులో మాత్రం అన్యుడంటే పరాయివాడే. స్నేహంగా మాట్లాడాలనుకున్నవారిని మొదటి మాటలోనే పరాయివారిని చేయడం శీర్షిక ఉద్దేశానికే విరుద్ధం.

పౌలు తనను అన్యజనులకు అపొస్తలుడినని, అంటే వారి దగ్గరికి పంపబడినవాడినని, చెప్పుకున్నాడు, రోమా సంఘంలోని యూదేతరులను ఆ పేరుతో సంబోధించాడు కూడా (రోమీయులకు 11:13). కానీ వారు అప్పటికే విశ్వాసులు. ఏథెన్సులో కొత్తవారి ఎదుట నిలబడినప్పుడు “ఏథెన్సువారలారా” అని పిలిచి, వారి భక్తిని ప్రస్తావించి, ‘తెలియబడని దేవునికి’ అని రాసివున్న వారి బలిపీఠం దగ్గరే మాట మొదలుపెట్టాడు (అపొస్తలుల కార్యములు 17). యూదుల సమాజమందిరాల్లో లేఖనాలు ఎత్తి తర్కించిన మనిషే ఇక్కడ వారి కవుల మాటను ఉదాహరించాడు. లుస్త్ర పట్టణంలో తమను దేవతలనుకొని బలి అర్పించబోయినవారిని పౌలు, అతని తోటి బోధకుడు బర్నబా “అయ్యలారా” అని సంబోధించి, మేమూ మీవంటి మనుషులమేనని చెప్పి, వానలనూ పంటలనూ గుర్తుచేశారు (14వ అధ్యాయం). నా ఉద్దేశంలో ఈ సంబోధనలు మీ వ్యాసంలో ప్రత్యేకంగా చర్చించదగినవి.

‘విభిన్న సాంస్కృతిక నేపథ్యాలు కలిగిన’ అన్న బరువైన విశేషణంలో వ్యాకరణ దోషం లేదు. నేపథ్యం మొదట నాటకంలో తెర వెనుక వేషం వేసుకునే చోటు. ఇప్పటి అర్థం తర్వాత స్థిరపడింది, దాన్ని తప్పుపట్టనక్కరలేదు. అయినా ‘వేర్వేరు సంస్కృతుల్లో పెరిగినవారు’ అంటే అదే భావం తేలికగా అందుతుంది.

అవతలివారి ప్రశ్నలకూ అనుభవాలకూ మీ వ్యాసంలో చోటుంటే “వేర్వేరు సంస్కృతుల్లో పెరిగినవారితో క్రైస్తవ విశ్వాసాన్ని పంచుకోవడం ఎలా?” అని ఉంచండి. చెప్పే పద్ధతి గురించి మాత్రమే రాసి ఉంటే ‘వారితో’ను ‘వారికి’గా, ‘పంచుకోవడం’ను ‘తెలియజెప్పడం’గా మార్చండి.