మన వేసవిలో ఫ్రెష్ ఈస్ట్‌తో పిజ్జా పిండి: ఈస్ట్ తగ్గించండి, నీళ్లు చల్లబరచండి

బేకరీలో కొన్న, తేమగల దిమ్మగా వచ్చే ఫ్రెష్ ఈస్ట్‌తో మే నెలలో పిజ్జా పిండి కలిపారనీ, రెసిపీలో ఉన్న, ఎండు పలుకులుగా దొరికే 7 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్‌కు బదులు 21 గ్రాములు తీసుకుని గోరువెచ్చని నీళ్లలో కరిగించారనీ, అరకిలో మైదా ముద్ద గంట తిరగకుండానే గిన్నె దాటి పొంగి కల్లు వాసన కొట్టిందనీ, కాల్చాక పిజ్జా పాలిపోయిందనీ మీరు రాశారు. ఈస్ట్ పాడైపోయి ఉంటుందన్న మీ అనుమానానికి ఆధారం లేదు, ఎందుకంటే పాడైన ఈస్ట్ పిండిని అంత వేగంగా పొంగించలేదు. మీ మార్పిడి లెక్కలోనూ తేడా లేదు. ఒక వంతు ఇన్‌స్టంట్ ఈస్ట్‌కు మూడు వంతుల ఫ్రెష్ ఈస్ట్ అనేదే బేకరీ వాళ్లు పాటించే లెక్క. చిక్కంతా ఆ రెసిపీని చలిదేశపు వంటింటి కోసం, రెండు గంటల్లో పని ముగించాలనుకునే వారి కోసం రాశారన్న విషయంలో ఉంది.

నేను కొంతకాలం ఇటలీలోని ట్యూరిన్‌లో ఉన్నాను. అక్కడ ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా పెరుగు డబ్బాల పక్కనే 25 గ్రాముల ఫ్రెష్ ఈస్ట్ క్యూబులు దొరుకుతాయి. ఇప్పుడు విజయవాడలో బేకరీ వాళ్లు అరకిలో దిమ్మ నుంచి కోసి ఇచ్చే ముక్కతో అదే పిండి కలుపుతున్నాను. రెండు చోట్లా ఈస్ట్ ఒకే జాతి జీవి, చేసే పనీ ఒకటే, కానీ ఇక్కడి వేసవిలో అక్కడి కొలతలు ఏమాత్రం పనికిరావు. పిండి ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఈస్ట్ వేగం సుమారు రెట్టింపవుతుంది కాబట్టి, ట్యూరిన్ చలికాలంలో సాయంత్రం వరకు నిదానంగా పొంగే ముద్ద ఇక్కడ మధ్యాహ్న భోజనాలయ్యేలోపే చేయిదాటిపోతుంది.

గోరువెచ్చని నీళ్లు ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో చెప్పే చిన్న లెక్క ఒకటి బేకరీ వృత్తిలో ఉంది. కలిపిన ముద్ద దాదాపు 25 డిగ్రీల వద్ద ఉండాలనుకుంటే ఆ అంకెను మూడుతో హెచ్చించి, వచ్చిన 75 లోంచి గది ఉష్ణోగ్రతను, పిండి ఉష్ణోగ్రతను, పిసికేటప్పుడు పుట్టే వేడిని తీసివేయాలి. మిగిలినదే నీళ్లకు ఉండాల్సిన ఉష్ణోగ్రత. చేత్తో పిసికితే పుట్టే వేడిని రెండు డిగ్రీలుగా వేసుకోవచ్చు, మిక్సర్ అయితే ఇంకా ఎక్కువ. గదీ పిండీ 19 డిగ్రీల వద్ద ఉండే ఇటలీ చలికాలపు ఇంట్లో ఈ లెక్కకు 35 డిగ్రీలు, అంటే అచ్చంగా గోరువెచ్చని నీళ్లు, వస్తాయి. గదీ పిండీ 34 డిగ్రీల వద్ద ఉండే మన మే నెల వంటింట్లో 5 డిగ్రీలు వస్తాయి, అంటే ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన నీళ్లు. డిసెంబరులో మాత్రం కుళాయి నీళ్లు సరిపోతాయి.

ఇంత చల్లటి నీళ్లలో ఈస్ట్ పనిచేస్తుందా అన్న సందేహం సహజమే. ఫ్రెష్ ఈస్ట్‌లో దాదాపు 70 శాతం తేమే ఉంటుంది, దాని కణాలు ముందే తడిగా, సజీవంగా ఉంటాయి కనుక చల్లటి నీళ్లలో కాసేపు మందగించి, ముద్ద వెచ్చబడేకొద్దీ మళ్లీ పుంజుకుంటాయి. ఇన్‌స్టంట్ వంటి డ్రై ఈస్ట్ సంగతి వేరు. ఎండిన కణాల పొర చల్లటి నీళ్లలో సరిగా కోలుకోదు. అప్పుడు కణంలోని గ్లూటాథయోన్ అనే పదార్థం బయటికి కారి, పిండికి సాగే గుణమిచ్చే గ్లూటెన్‌ను బలహీనపరుస్తుంది, ముద్ద జిగటగా సాగిపోతుంది. చాలామంది ఫ్రెష్ ఈస్ట్‌ను రుచి కోసం మెచ్చుకుంటారు గానీ, ఇంత తక్కువ మోతాదులో వాడినప్పుడు ఆ తేడా నా నాలుకకు తెలియలేదు. నా దృష్టిలో మనలాంటి వేడి ప్రాంతాలవారు దాన్ని ఎంచుకోవడానికి అసలు కారణం చల్లటి నీళ్లను తట్టుకునే ఈ గుణమే. మరిగే నీళ్ల జోలికి మాత్రం వెళ్లకండి. 55 డిగ్రీలు దాటితే ఏ ఈస్టూ బతకదు.

ఇక మోతాదు. నేపుల్స్ పద్ధతిని కాపాడేందుకు 1984లో అక్కడ ఏర్పడిన ‘అసోసియాత్సియోనె వెరాచె పిట్సా నపొలెతానా’ అనే సంఘం తన నియమావళిలో లీటరు నీటికి, అంటే 1.6 నుంచి 1.8 కిలోల పిండికి, 3 గ్రాములకు మించి ఫ్రెష్ ఈస్ట్‌ను అనుమతించదు. ఆ లెక్కన మీ అరకిలోకు ఒక గ్రాము కూడా రాదు. మీరు వేసిన 21 గ్రాములతో పోల్చి చూస్తే ఆ ముద్ద ఎందుకు పరుగెత్తిందో అర్థమవుతుంది. నేను అరకిలో మైదాకు మే నెలలో 1 గ్రాము, డిసెంబరులో 2 గ్రాములు వేస్తాను. ఇంట్లోని త్రాసు ఒక గ్రామును నమ్మకంగా చూపించదు కాబట్టి, 5 గ్రాముల ఈస్ట్‌ను 45 గ్రాముల నీళ్లలో బాగా కరిగించి అందులోంచి 10 గ్రాముల ద్రవాన్ని తూచుకుంటే అందులో 1 గ్రాము ఈస్ట్ ఉన్నట్టు. దానితో వచ్చిన 9 గ్రాముల నీళ్లను అసలు నీళ్లలోంచి తగ్గించుకోవాలి.

మిగిలిన కొలతలు ఇవి: మైదా 500 గ్రాములు, నీళ్లు 300 గ్రాములు, ఉప్పు 11 గ్రాములు, నూనె 10 గ్రాములు. ఇటలీలో పిజ్జా కోసమే అమ్మే పిండి ఇంకాస్త నీళ్లు పీల్చుకునేది. మన మైదాల్లో బ్రాండును బట్టి తేడా ఉంటుంది కనుక మొదట 280 గ్రాములే పోసి, మిగిలిన 20 గ్రాములను ముద్దను చూసుకుంటూ కలపండి. చపాతీ పిండి కన్నా మెత్తగా, బొబ్బట్ల తోపు కన్నా గట్టిగా ఉంటే చాలు. చక్కెర లేకపోయినా ఈస్ట్ పనిచేస్తుంది, ఎందుకంటే పిండిలోని ఎంజైములు స్టార్చ్‌ను విడగొట్టి దానికి కావలసిన చక్కెరను తయారుచేస్తూనే ఉంటాయి. అయితే నేపుల్స్ పొయ్యిలో ఉండే 430–480 డిగ్రీల వేడి మన ఇళ్లలోని చిన్న కరెంటు ఓవెన్ ఓటీజీలో రాదు కాబట్టి రంగు కోసం ఒక చెంచా చక్కెర వేసుకుంటే నేను ఆక్షేపించను.

కలిపే పద్ధతిలో ఒక్క జాగ్రత్తే ముఖ్యం: ఉప్పు నేరుగా ఈస్ట్ మీద పడకూడదు, ఉప్పు దాని కణాల్లోని నీటిని బయటికి లాగేస్తుంది. ఈస్ట్ కలిసిన నీళ్లలో సగం మైదా వేసి కలిపాక ఉప్పు, ఆ తరువాత మిగతా మైదా, చివర్లో నూనె చేర్చండి. తడిగుడ్డ కప్పి 20 నిమిషాలు వదిలేస్తే పిసకడం సగం తగ్గుతుంది. ఆపైన ఓ ఎనిమిది నిమిషాలు పిసికి, చిన్న ముక్కను వేళ్లతో సాగదీసినప్పుడు చిరగకుండా వెలుతురు కనిపించే పొర వస్తే ఆపేయవచ్చు.

ముద్దను గంటసేపు ఉంచి, ఒక్కోటి 270 గ్రాములుండేలా మూడు ఉండలు చేసి, మూత గట్టిగా పట్టే డబ్బాలో వాటి మధ్య చోటు వదిలి పెట్టండి. వేసవిలో మరో నాలుగైదు గంటల్లో అవి సిద్ధమవుతాయి. గడియారం కన్నా ఉండనే నమ్మండి: దాదాపు రెట్టింపై, వేలితో నొక్కితే గుంట నెమ్మదిగా సగం వరకు పూడాలి. మర్నాటికి కావాలంటే ఈస్ట్ 1.5 గ్రాములు వేసి, ఉండలు చేసిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టడం మేలు. పెద్ద ముద్దగా పెడితే దాని నడిమి భాగం చల్లబడేసరికి గంటలు పడుతుంది, ఆలోగా లోపల పులుస్తూనే ఉంటుంది. కాల్చే ముందు బయట పెట్టడానికి విదేశీ రెసిపీలు రెండు గంటలు చెబుతాయి. మన వేసవిలో ముప్పావు గంట చాలు. మామూలు మైదాతో చేసిన ఉండలను రెండు రోజులకు మించి నేను నిల్వ ఉంచను, అవి సాగి చిరుగుతాయి.

మీ పిజ్జా పాలిపోవడానికి కారణం కూడా ఈ అతిగా పులియడమే. రొట్టె పైభాగం ఎర్రబడాలంటే పిండిలో కొంత చక్కెర మిగలాలి; ఈస్ట్ అంతా తినేసి ఆల్కహాల్‌గా, వాయువుగా మార్చేశాక ఓటీజీని ఎంతసేపు ఉంచినా రొట్టె ఎండిపోతుందే తప్ప రంగు తేలదు. అలాంటి ముద్దను పారేయనక్కర్లేదు, మరునాటి కొత్త పిండిలో ఐదో వంతు వరకు కలుపుకోవచ్చు. అప్పుడు ఈస్ట్‌ను ఇంకా తగ్గించాలి. ఉండను అప్పడాల కర్రతో కాకుండా వేళ్లతో మధ్య నుంచి అంచులకు నొక్కుతూ సాగదీసి, ఓటీజీని ట్రేతో సహా 250 డిగ్రీల వద్ద అరగంటకు పైగా వేడెక్కించి కాల్చితే ఎనిమిది నిమిషాల ప్రాంతంలో సిద్ధమవుతుంది.

గ్రాములలో వాడే వస్తువును దిమ్మగా కొంటే చాలా మిగిలిపోతుంది కాబట్టి బేకరీలో 25 గ్రాములే అడగండి, ఇంటికి దూరమైతే ఐసు ముక్కల సంచిలో తెచ్చుకోండి. కాగితంలో చుట్టి, మూత ఉన్న డబ్బాలో, ఫ్రిజ్ తలుపులో కాకుండా వెనకవైపు పెడితే రెండు వారాలు బాగుంటుంది. మీగడ రంగులో ఉండి, విరిస్తే పొడిగా పెళుసుగా విరిగే ఈస్ట్ మంచిది. గోధుమ రంగుకు తిరిగినా, బంకగా మారినా, ఘాటైన అమోనియా వాసన వచ్చినా పారేయండి. డీప్ ఫ్రీజర్‌లో పెడితే కొన్ని కణాలు చనిపోతాయి, కరిగాక ముక్క నీరుకారుతుంది కూడా. తప్పనిసరై అలా పెట్టినట్టయితే, చిటికెడు చక్కెర వేసిన గోరువెచ్చని నీళ్లలో చిన్న ముక్క కలిపి పది నిమిషాల్లో నురగ వస్తుందో లేదో చూసుకున్నాకే మైదా తూచండి.